ప్యాకేజీకి పురుగు పట్టిన వర్షాకాలం

తోక నుంచి మొదలు

నేను పశువైద్యుణ్ణి. ఇప్పుడు మాజీ. యాభై దాటీ దాటకముందే నా నడుం నాకు చెప్పకుండా రాజీనామా చేసేసింది, దాని వెనకాలే నేనూ చేశాను. పంజాగుట్ట ఫ్లైఓవరు వెనక సందులో, పెద్ద పెద్ద ఆసుపత్రుల నీడలో నా క్లినిక్కు ఉండేది. ఎంత చిన్నదంటే, లోపల కుక్క తోక ఊపాలంటే నేను బయటికి వెళ్లి నిలబడాలి. ఆ పెద్ద ఆసుపత్రులకు బయల్దేరినవాళ్లు ట్రాఫిక్కులో ఆశ వదులుకుని అప్పుడప్పుడూ నా దగ్గరే దిగిపోయేవాళ్లు. ఒక పెద్దాయన తన మోకాళ్ల చరిత్ర మొత్తం చెప్పుకున్నాక, పక్క కుర్చీలో కూర్చున్న జర్మన్ షెపర్డును చూపించి, "వీరికీ మోకాళ్లేనా?" అని అడిగారు. వీరికి చెవి అని చెప్పాను. ఆయన సానుభూతిగా తలూపి, తన వంతు దానికిచ్చి ముందు వెళ్లమన్నారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను పట్టుకుని, అసలు ఈ పని ఎలా ఉంటుందని అడుగుతుంటారు. వాళ్ల కళ్లలో ఒక బొమ్మ ఉంటుంది. తెల్ల కోటు, చేతిలో బుజ్జి కుక్కపిల్ల, అది డాక్టరు బుగ్గ నాకుతుండగా ఎవరో ఫొటో తీయడం. నా సర్వీసులో నా బుగ్గ నాకిన జంతువులు లేకపోలేదు. కానీ అవన్నీ అంతకుముందే నా చెయ్యి కరిచినవి. అసలు పని వేరే చోట ఉంటుంది. ఆ చోటు తోక కింద. మీకు ఇష్టమున్నా లేకపోయినా మీ వృత్తి జీవితం అక్కడే గడుస్తుంది.

కాలేజీ మీకు పశువు ఒంట్లోని ప్రతి ఎముకా నేర్పింది. దాని యజమాని గురించి ఒక్క ముక్క నేర్పలేదు. జబ్బు పశువుకు వస్తుంది. కారణం మాత్రం పక్క కుర్చీలో, చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చుని ఉంటుంది. దానికి ఇంజెక్షన్ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు.

పెద్దసారు ప్రశ్న

చదువు కాగానే కొన్నాళ్లు సర్కారు పశువుల దవాఖానలో పనిచేశాను. అక్కడ మా పై అధికారిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన మీసం చూసి ఎద్దులు వాటంతట అవే పడుకునేవి, మత్తుమందు మిగిలిపోయేది. జూనియర్లను ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. మీరు జబ్బు పేరు లాటిన్‌లో చెప్పండి, దాని తాతముత్తాతల పేర్లు కూడా చెప్పండి, ఆయన అంతా ఓపిగ్గా వింటాడు. విన్నాక పాన్‌ను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు బదిలీ చేసి అంటాడు:

"తిప్పి చూసినవా?"

ఒకరోజు మేత ముట్టని మేక ఒకటి వచ్చింది. జూనియర్లమంతా చుట్టూ చేరి తలా ఒక సిద్ధాంతం ప్రతిపాదించాం. మా వాదనల ధాటికి ఆ మేక కూడా ఒకటి రెండు చోట్ల తల ఊపింది. పెద్దసారు వచ్చి, మాట్లాడకుండా దాన్ని వెల్లకిలా తిప్పాడు. కాలి సందులో ముల్లు. ముల్లంటే ముల్లు కాదు, ఇంకో వారం ఆగితే దాని మీద పిట్ట గూడు కట్టేది.

"మొఖం సూస్తందుకు దునియా మొత్తం ఉన్నది. సర్కారు మీకు జీతమిచ్చేది ఎన్క సూస్తందుకు," అన్నాడు.

ఆ అలవాటు ఆయనకు ఎంత ముదిరిందంటే, టీ ఇచ్చినా కప్పు తిప్పి అడుగు చూసేవాడు. టీ ఒలికిపోయేది. అయినా కప్పు పగులు ముందే తెలిసేది కదా అని సంతోషించేవాడు. నా పై అధికారుల్లో మంచివాళ్లున్నారు, తెలివైనవాళ్లున్నారు. పనికొచ్చినవాడు మాత్రం ఈయనొక్కడే.

ఎర్ర మఖమల్ దిండు మీద ఆఫీసరు

ఇక కేసు. అమీర్‌పేటలో గాలి కూడా ఏదో ఒక కోర్సు పూర్తిచేసుకునే బయటికి వెళ్తుంది. మెట్లమీద కోడింగు, మెట్ల కింద స్పోకెన్ ఇంగ్లిషు, లిఫ్టులో ఇంటర్వ్యూ టెక్నిక్కులు. అలాంటి ఒక భవనంలో ప్రసాద్ గారి ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, మాట తేనె. "చేరితే చాలు, ఉద్యోగం ఖాయం" అన్న ఆయన బోర్డు ఎంత పొడవంటే మొదటి మాట అమీర్‌పేటలో చదివితే చివరి మాట చదవడానికి మెట్రో ఎక్కాలి.

అక్కడ రిసెప్షన్‌లో రేణుక పనిచేసేది. బల్కంపేటలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేది. తోడుగా ఒక తెల్ల కుందేలు. ఇంటి ఓనర్లు గదికి సున్నం వేయిస్తున్న రోజున వేరే దారి లేక దాన్ని బుట్టలో పెట్టుకుని ఆఫీసుకు తెచ్చింది. ఆ రోజే, ఎన్ని ఇంటర్వ్యూలకు వెళ్లినా వట్టి చేతులతో తిరిగి వస్తున్న ఒక కుర్రవాడు పోతూ పోతూ దాని తల నిమిరాడు. సాయంత్రానికి వాడికి ఉద్యోగం వచ్చింది. వాడు కలాకంద్ పెట్టెతో పరుగెత్తుకొచ్చి, మొదటి ముక్క సార్‌కి కాదు, కుందేలుకి పెట్టాడు. కుందేలు తినేసింది. అంతే, అమీర్‌పేటలో ఒక కొత్త మతం పుట్టింది.

ప్రసాద్ గారు ఆ మతానికి గుడి కట్టారు. కుందేలుకి ప్యాకేజీ అని పేరు పెట్టారు. కౌంటరు మీద ఎర్ర మఖమల్ దిండు వేశారు. టైలరు చేత నీలం కోటు కుట్టించారు, మెడలో ఐడీ కార్డు వేయించారు. కార్డు మీద "ప్లేస్‌మెంట్ ఆఫీసర్" అని ఉండేది. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు తల తాకి వెళ్లాలి, ఆఫర్ వచ్చినవాళ్లు వచ్చి నోట్లో మిఠాయి పెట్టాలి. రానివాళ్లు కూడా ముందస్తుగా పెడుతుండేవాళ్లు. దాంతో అటు గెలిచినవాళ్ల లడ్డూ, ఇటు ఓడినవాళ్ల పేడా, మధ్యలో ఆశావహుల కాజూకత్లీ. కుందేలు రేణుకదే, కానీ సాయంత్రం ఇంటికి తీసుకెళ్లే స్వేచ్ఛ ఆమెకు లేకుండా పోయింది. ఆఫీసరు గారు ఆఫీసులోనే ఉండాలన్నారు ప్రసాద్ గారు. రేణుక ఎదురు చెప్పలేకపోయింది. కౌంటరు వెనక కుర్చీ ఒక్కటే ఆమెకు ఆధారం.

కొద్ది నెలల్లో ప్యాకేజీ ఎదురుగా చూస్తే కుందేలు, పక్కనుంచి చూస్తే పరుపు, పైనుంచి చూస్తే నీలం కోటు వేసుకున్న తెలంగాణ పటం అయింది.

ఇక్కడ కొంచెం వైద్యం. కుందేలు కడుపు గడ్డి కోసం తయారైన యంత్రం. అందులో చక్కెర పోస్తే పెంటికలు గుండ్రంగా, పొడిగా రావు, జిగటగా జారతాయి. ఆరోగ్యంగా ఉన్న కుందేలు పిల్లి లాగే తన వెనకభాగం తనే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. బలిసిన కుందేలుకి మెడ అక్కడిదాకా తిరగదు. ఆ మురికి బొచ్చుకు అంటుకుని, తడిసి, వాసన వేస్తుంది. వానాకాలంలో పచ్చగా తళతళలాడే ఒక ఈగ ఉంటుంది, ఆ వాసన దానికి పెళ్లి భోజనం పిలుపు. వచ్చి ఆ బొచ్చులో గుడ్లు పెడుతుంది. ఒక రోజు గడవకముందే పురుగులు పుట్టి బతికున్న చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. కుందేలు అరవదు. పాపం, అరిచే కుందేలును అడవిలో ఎవరో తినేస్తారని దానికి పుట్టుకతోనే తెలుసు. నోరు మూసుకుని మఖమల్ దిండు మీద కూర్చుంటుంది, కోటు వేసుకుని, కార్డు వేసుకుని.

ఆఫీసులో వాసన మొదలైంది. రేణుక చెప్పింది. ప్రసాద్ గారు మల్లెపూల రూమ్ ఫ్రెషనర్ తెప్పించారు. రెండోరోజు నిమ్మకాయది తెప్పించారు. మూడోరోజు అగరొత్తులు. ఆ రోజు వచ్చిన విద్యార్థులు చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చారు.

ఆ మధ్యాహ్నం ఒకమ్మాయి ఆఫర్ వచ్చిందని బూందీ లడ్డూ పెడితే ప్యాకేజీ మూతి తిప్పుకుంది. రేణుక కోటు విప్పి, దాన్ని ఎత్తి, తిప్పి చూసింది.

బల్ల మీద

మెట్రోలో జంతువుల్ని ఎక్కనివ్వరు. రేణుక ఆటోలో బయల్దేరింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు ఎంత దూరమో మీకు తెలుసు, ఎంతసేపో ఎవరికీ తెలియదు. ఆటో ఫ్లైఓవరు దగ్గర ఆగినప్పుడు వెలిగిన సిగ్నల్ ఎర్రదీపం, వాళ్లు కదిలేసరికి వయసు మీదపడి వెలవెలబోయిందట. దారంతా ఆటో డ్రైవరు వైద్యం చెబుతూనే ఉన్నాడు.

"ఫికర్ చెయ్యకు అక్కా, జర ఫినాయిల్ పొయ్యి, ఖతం."

"పురుగులా, కుందేలా?" అందట రేణుక. ఆ తర్వాత అతను హారన్ తప్ప ఏమీ మాట్లాడలేదు.

క్లినిక్కులోకి వచ్చేసరికి ఆమె దుపట్టా కుందేలుకు చుట్టి ఉంది.

"సార్, మా బిడ్డకు పురుగులు పట్టినయి. ఫినాయిల్ పొయ్యలే, పసుపు పెట్టలే, నీళ్లు సుత పొయ్యలే. గిట్లనే తెచ్చిన."

ఆమె ఏమీ చేయకపోవడమే సగం వైద్యం. ఇలాంటి కేసులు నా దగ్గరికి పసుపు పట్టించి, కిరోసిన్ పోసి, స్నానం చేయించి తెస్తుంటారు. తడిసిన బొచ్చు కత్తిరించడానికి లొంగదు, తడిసిన కుందేలు చలికే సగం చచ్చిపోతుంది. ఇంకొందరు కుక్కల పిడుదుల మందు కొట్టి తెస్తారు. వాటిల్లో కుక్కకు అమృతమై కుందేలుకు విషమయ్యేవి ఉన్నాయి. పిల్లలూ, ఇది మటుకు గోడమీద రాసుకోండి.

తిప్పి చూశాను. ఆ పురుగులు అల్లాటప్పా పురుగులు కావు. పైపొరలో ట్రైనీలు, కిందిపొరలో సీనియర్లు, మడతల్లో టీమ్ లీడర్లు. ఒక్క ప్యాకేజీ మీద అంతమందికి ప్లేస్‌మెంట్ దొరికింది. ప్రసాద్ గారి బోర్డు మాట నిలబడ్డది అక్కడొక్కచోటే.

కుందేలు చెవులు చల్లగా ఉన్నాయి. పళ్లు నూరుతోంది, అది నొప్పికి గుర్తు.

"బతుకుతడా సార్?" అంది రేణుక.

ఇలాంటప్పుడు అబద్ధం నోటిచివరే ఉంటుంది. నేను చెప్పలేదు. "పురుగులు లోపలికి తొలుచుకుపోయి ఉంటే, నొప్పి లేకుండా నిద్రపుచ్చడమే న్యాయం. పైపైనే ఉంటే ప్రయత్నిద్దాం. బొచ్చు తీస్తే గానీ తెలియదు," అన్నాను.

ఆమె కుందేలు చెవి పట్టుకుంది. "తియ్యుండ్రి. నేను పట్టుకుంట."

ముందు నొప్పి తగ్గే ఇంజెక్షన్, చర్మం కింద గోరువెచ్చని సెలైన్, ఒంటికి వెచ్చటి నీళ్ల సీసా. చాలామంది కొత్త డాక్టర్లు పురుగుల్ని చూడగానే యుద్ధానికి దిగుతారు. ముందు కుందేలును బతికించండి, పురుగులు ఎక్కడికీ పారిపోవు, వాటికి అక్కడ బాగానే ఉంది. తరవాత ట్రిమ్మర్‌తో పొడి బొచ్చు మెల్లగా తీసి, ఫోర్సెప్స్‌తో ఒక్కొక్క పురుగునూ ఏరాను. మడతల్లో, తోక కింద, తొడల మధ్య. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి తిప్పితే దాక్కున్నవి తలలు బయటపెట్టాయి. గాలి తగలగానే గుంపులుగా తరలివచ్చాయి, పేట మొత్తం ఖాళీ అవుతున్నట్టు. అన్నీ అయ్యాక పలచటి యాంటీసెప్టిక్‌తో కడిగి, ఒత్తి తుడిచి, ఆరబెట్టి, మళ్లీ మొదటినుంచి వెతికాను. ఒక్కటి మిగిలినా రేపటికి మళ్లీ పని మొదలు. కుందేలుకు సరిపడే పురుగుల మందు, కుందేలు కడుపు పాడుచేయని యాంటీబయాటిక్. కుక్కలకిచ్చే మాత్రలు తెలిసీ తెలియక నోటితో ఇస్తే, పురుగులు చేయలేని పని మాత్ర చేస్తుంది.

పుండు అరచేతంత వెడల్పు. కానీ లోపలికి దిగలేదు.

సరిగ్గా అప్పుడే రేణుక ఫోను మోగింది. ఆమె రెండు చేతులూ కుందేలు మీద ఉన్నాయి, స్పీకర్ నేనే నొక్కాను.

"రేణుక గారూ, ఏంటండీ, ఆఫీసర్ గారు సీట్లో లేరు? సాయంత్రం కొత్త బ్యాచ్ డెమో ఉంది కదా. కొంచెం పౌడరు రాసి తీసుకొచ్చేస్తారా?"

"సార్, ఆయన సెలవుల ఉన్నడు," అంది రేణుక.

"సెలవేంటండీ, కుందేలుకి?"

"మెడికల్ లీవ్," అన్నాను నేను, ఫోన్లోకి వంగి.

గడ్డి మతం

పురుగులు తీసేస్తే గెలిచామనుకోకండి. రెండో గండం కడుపు. నొప్పితో కుందేలు తిండి మానేస్తుంది, తిండి మానేస్తే పేగులు ఆగిపోతాయి, పేగులు ఆగితే ఒకటి రెండు రోజుల్లో అది కూడా ఆగిపోతుంది. రేణుక ప్యాకేజీని బల్కంపేట గదికి తీసుకుపోయింది. ఆఫీసుకు రానని చెప్పేసింది. ఆమె నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ఎండుగడ్డి పొడి నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో దవడ పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టించేది. కింద మెత్తటి పాత గుడ్డలు, తడిసిన ప్రతిసారీ మార్చేది. రోజూ తీసుకొచ్చేది, నేను పుండు కడిగి, కొత్త పురుగు ఉందేమో చూసి పంపేవాణ్ణి.

కుందేలు తనంతట తాను తినలేదు. ఆ మర్నాడూ తినలేదు. రేణుక ఫోను వస్తే నాకు భయమేసేది.

ఒక పొద్దున ఫోను.

"సార్." అవతల ఏడుపో నవ్వో తెలియని శబ్దం. "పెంటికలు ఏసిండు సార్."

"గుండ్రంగా ఉన్నాయా?"

"గుండ్రంగ, పొడిగ. మిరియాల లెక్కున్నయి."

"చేత్తో పట్టుకో. విడిపోతున్నాయా?"

"పట్టుకునే మాట్లాడుతున్న సార్."

నా జీవితంలో డాక్టరు పట్టా చేతికొచ్చిన రోజున కూడా అంత ఆనందపడలేదు. మా ఆవిడ పక్కనుంచి ఏమైందని అడిగితే, పెంటికలని చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆవిడ ఇలాంటి వార్తలకు అలవాటు పడింది. అభినందనలు చెప్పమంది.

ఆ రోజు గరిక పరకలు రెండు తానే కొరికింది ప్యాకేజీ. మా క్లినిక్కు పక్కన పూలమ్మే ఆమె దగ్గర వినాయకుడి పూజకు కట్టిన గరిక దొరుకుతుంది. రేణుక కట్టలు కట్టలుగా కొంటుంటే ఆ పూలామె ఒకసారి నాతో గుసగుసగా అంది: "ఈమెకు ఏం మొక్కున్నదో సార్, దినాం గరికనే."

నీలం కోటు మళ్లీ వచ్చింది

పుండు మీద లేత గులాబీరంగు చర్మం కమ్ముకుంటున్న రోజుల్లో ప్రసాద్ గారు స్వయంగా క్లినిక్కుకు వచ్చారు. ఆ సమయానికి రేణుక కూడా కుందేలును చూపించడానికి వచ్చి ఉంది. ప్రసాద్ గారి ఒక చేతిలో కొత్త కోటు, ఈసారి జరీ అంచుతో. ఇంకో చేతిలో కాజూకత్లీ పెట్టె. ఆయన మొహంలో నిజంగానే దిగులుంది. ఆఫీసరు లేని కౌంటరు చూసి ఇద్దరు విద్యార్థులు పక్క భవనంలో చేరిపోయారట. అక్కడ చిలక ఉంది.

"డాక్టరుగారూ, అయిపోయిందనుకుంటా కదండీ. సోమవారం కొత్త బ్యాచ్. మీరు ఊ అంటే తీసుకెళ్లిపోతాను."

రేణుక నావైపు చూసింది. ఆ చూపులో రెండున్నాయి. కుందేలును ఇస్తే కుందేలు పోతుంది. ఇవ్వనంటే కుర్చీ పోతుంది. ఆ రెండిట్లో ఏదో ఒకటి నా నోటి చివర వేలాడుతోంది.

నా బుర్రలో ఉపన్యాసం సిద్ధంగా ఉంది. చక్కెర, పేగులు, ఈగలు, బాధ్యత, మూగజీవాలు, అన్నీ ఉన్నాయి. చెప్పి ఉంటే ప్రసాద్ గారు చప్పట్లు కొట్టి, ఆ మాటలే డెమో క్లాసులో వాడుకునేవారు. నాకు పాన్ నమిలే మీసం గుర్తొచ్చింది.

"మీరు దీన్ని ఎప్పుడైనా తిప్పి చూశారా?" అన్నాను.

"ఏంటండీ?"

"వెనక్కి. సోమవారం నుంచి మీదే కదా డ్యూటీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తడిగా ఉంటే తుడవాలి, అంటుకుంటే కత్తిరించాలి. ఎలాగో నేర్పుతాను, ఇలా రండి."

ప్రసాద్ గారు కోటు పక్కన పెట్టి, రెండు వేళ్లతో, అన్నప్రాసన చేస్తున్నట్టు, కుందేలు తోక ఎత్తారు. బొచ్చు లేని చర్మం, ఎండిన అంచులు, మధ్యలో ఇంకా పచ్చిగా ఉన్న చోటు. ప్యాకేజీ ఉలిక్కిపడి కాళ్లు ముడుచుకుంది. ఆయన వెనక్కి జరిగి, కుక్కల్ని తూచే బల్ల మీద కూలబడ్డారు. చాలాసేపు ఆ బల్ల ముల్లు కొట్టుకుంటూనే ఉంది.

"నాకెవరూ చెప్పలేదండీ," అన్నారు చివరికి.

"చెప్పిన సార్," అంది రేణుక. గొంతు పెంచలేదు. "మీరు మల్లెపూల సెంటు తెప్పించిండ్రు."



అప్పుడు ప్యాకేజీ చేసిన పని నేను మరిచిపోలేను. మెల్లగా తనున్న బల్ల అంచుకు వచ్చి, మూతి ముందుకు చాచి, ఆ మిఠాయి పెట్టె వాసన చూసింది. దానికి కోపం లేదు, కక్ష లేదు. అలవాటు ఉంది. ప్రసాద్ గారి చెయ్యి పెట్టె మూత మీదికి వెళ్లింది. ఆయన మూత నొక్కి పెట్టి, పెట్టెను వీపు వెనక దాచుకున్నారు.

"మీ ఇంట్లో ఉండనివ్వండి రేణుక గారూ," అన్నారు నేల చూస్తూ. "మీరు మాత్రం సోమవారం వచ్చేయండి. కౌంటరు ఖాళీగా ఉంటే బాగోదు."

ఆ ఇన్‌స్టిట్యూట్ చరిత్రలో అర్హతకు తగ్గ ప్లేస్‌మెంట్ జరగడం నేను చూసింది ఆ రోజే. మిఠాయి మాత్రం మా కుక్కలకు వదిలిపోతానన్నారు. వద్దని దణ్ణం పెట్టాను.

మళ్లీ రాకుండా

ఇది చదివే కొత్త డాక్టర్లకు నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. పురుగులు ఏరడం ఎవరికైనా వస్తుంది, ఓపిక ఉండాలి అంతే. వైద్యమంతా ఆ తరవాతే ఉంది. పురుగు ఎందుకు పట్టిందో కనిపెట్టకుండా పంపిస్తే, మీరు ఈగకు శుభ్రం చేసిన గది అద్దెకిచ్చినట్టు. కొన్ని కుందేళ్లకు పళ్లు పెరిగిపోయి నాక్కోలేవు, కొన్నిటికి కీళ్లనొప్పి, ముసలివాటికి మూత్రం కారి బొచ్చు తడుస్తుంది. మన ప్యాకేజీకి కీర్తి పట్టుకుంది. దానికి మందు గడ్డి.

రేణుక గదిలో కిటికీకి దోమతెర బిగించింది. పంజరంలో కింద పరిచిన గడ్డి తడిసిన పూటే తీసేసేది. మిఠాయిలు, బిస్కట్లు బంద్, ఆఖరికి క్యారెట్టు ముక్క కూడా పండగ పూటే. ముప్పొద్దులా ఎండుగడ్డి, గరిక, కాస్త ఆకుకూర. మొత్తం స్నానం ఎప్పుడూ చేయించలేదు, మురికైన చోటే తుడిచి ఆరబెట్టేది. పొద్దున దీపం పెట్టేముందు ఒకసారి, రాత్రి తను తినేముందు ఒకసారి, వెల్లకిలా ఒళ్లో పడుకోబెట్టి చూసేది. ఎండాకాలంలో, వానల్లో ఒక్క పూట కూడా మానలేదు. కుందేలు సన్నబడింది. మెడ వెనక్కి తిరగడం మొదలైంది. తన వెనక తనే శుభ్రం చేసుకుంటోందని ఫోన్ చేసి చెప్పిన రోజున, నా మందుల చీటీ మీద దాని పేరు కొట్టేశాను.

మీ దగ్గరికి వచ్చే యజమానులకు జబ్బు పేరు చెప్పకండి, నోరు తిరగక భయపడతారు. వాళ్ల చేత తిప్పించండి. ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు.

మళ్లీ వానలు పడ్డాక ఒకసారి అమీర్‌పేటలో పని పడి, ఆ భవనం మెట్లెక్కాను. కౌంటరు వెనక రేణుక ఉంది. కౌంటరు మీద అదే ఎర్ర మఖమల్ దిండు. దాని మీద దూది కుందేలు బొమ్మ, జరీ అంచు నీలం కోటు, మెడలో అదే కార్డు. ముందు ప్లేటులో పేడాలు. వాటి చుట్టూ పచ్చటి ఈగలు, చాలా ఓపిగ్గా.

"నిజం ఆఫీసర్ ఎలా ఉన్నాడు?" అన్నాను.

"పొద్దుగాల సూసే వచ్చిన సార్. మస్తుగ ఉన్నడు. చీమ సుత లేదు." 

అప్పుడే ఒకమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. ఇంటర్వ్యూకి పోతున్నట్టుంది, పెదవులు కదులుతున్నాయి, ఏవో జవాబులు వల్లె వేసుకుంటోంది. ప్లేటులోంచి ఒక పేడా తీసి, బొమ్మ మూతి దగ్గర పెట్టబోయి ఆగింది.

"అంకుల్, ఇది నిజంగ పనిచేస్తదా?" అని నన్ను అడిగింది.

నా సర్వీసు మొత్తం నా నోట్లోంచి దానంతట అదే బయటికొచ్చింది. "తిప్పి చూశావా అమ్మా?"

ఆమె బొమ్మను తిప్పింది. అడుగున కుట్టు ఊడి దూది బయటికి వచ్చింది. దూదిలో చీమలు బారులు తీరి ఉన్నాయి. దుకాణం వాడు అంటించిన ధర చీటీ ఇంకా ఊడలేదు. ఆ అమ్మాయి కాసేపు చూసి, బొమ్మను యథాస్థానంలో పెట్టి, కోటు సర్దింది. చేతిలో ఉన్న పేడా వైపు చూసుకుంది. తన నోట్లో వేసుకుని, వేళ్లు తుడుచుకుని, ఫైలు సర్దుకుని మెట్లు దిగిపోయింది.

రేణుక కంప్యూటరులోంచి తల ఎత్తలేదు.

"గీమెకు జాబ్ వస్తది సార్," అంది.